కౌంటరు ఇవతల నుంచి

ఆ కొబ్బరి మట్ట విరిచి ఇటు పడెయ్యరా అబ్బాయ్, మంట సన్నగిల్లుతోంది. నువ్వు ఇటు జరుగు అమ్మాయ్, పొగంతా నీ మొహానికే కొడుతోంది. బ్యాంకు ఉద్యోగమంటే నోట్లు లెక్కపెట్టడమే కదా తాతయ్యా, అందులో కథలేముంటాయని అడిగావే, చెప్తాను విను. ముప్ఫై ఏళ్ళకు పైగా కౌంటరు ఇవతల కూర్చున్నవాణ్ణి. దేశానికి ఏ ఆపదొచ్చినా, అది ఢిల్లీలో పుట్టినా సముద్రంలో పుట్టినా, చివరికి నా కౌంటరు అవతలికి వచ్చి నిలబడేది. ఆ మొహాలు చూశాకే నాకు రాజకీయమంటే ఏమిటో, రూపాయంటే ఏమిటో తెలిసింది.

అసలు నేను ఉద్యోగంలో చేరకముందు సంగతి మొదలుపెడతాను. 1960. బందరులో హిందూ కాలేజీలో చదువుకుంటున్నాను. కేరళలో పాలా అని ఒక ఊరుంది, మీనచిల్ నది ఒడ్డున, చుట్టూ రబ్బరు తోటలు. ఆ ఊరి పేరు మీదే పాలాయి సెంట్రల్ బ్యాంకు ఉండేది. కేరళలో అంత పెద్ద బ్యాంకు అప్పట్లో ఇంకోటి లేదు. తోటల వాళ్ళు, చిన్న వ్యాపారస్థులు, బడిపంతుళ్ళు, చర్చిల తాలూకు సొమ్ము, అంతా అందులోనే. ఇచ్చిన అప్పులు చాలావాటికి సరైన హామీ లేదని తేలింది. రిజర్వు బ్యాంకు కోర్టుకెళ్ళింది. ఆగస్టు 8న కేరళ హైకోర్టు బ్యాంకు మూసెయ్యమంది. పొద్దున్న డబ్బు కట్టిన వాళ్ళకి సాయంత్రానికి తలుపులు మూసేశారు.

ఎక్కడి కేరళ, ఎక్కడి బందరు? కానీ ఆ వార్త పేపర్లో వచ్చాక మా నాన్న, అంటే మీ ముత్తాత, రెండు రాత్రులు నిద్రపోలేదు. మా అక్క పెళ్ళికని దాచిన సొమ్ము ఒక చిన్న బ్యాంకులో ఉంది. ఆ రోజుల్లో అలాంటి చిన్న బ్యాంకులు ఊరికొకటి ఉండేవి. ఎవరో పదిమంది పెద్దమనుషులు కలిసి పెట్టేవాళ్ళు. ఆ పెద్దమనుషుల మొహం చూసే జనం డబ్బు వేసేవాళ్ళు. నాన్న నన్ను వెంటబెట్టుకుని పొద్దున్నే వెళ్ళాడు. మాకంటే ముందే అరుగు మీద నలభై యాభై మంది ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడట్లేదు. ఒకరి చేతిలో పాసుపుస్తకం ఇంకొకరు చూస్తున్నారు, ఎంతుందో కనిపించకుండా వేళ్ళు అడ్డం పెట్టుకుంటున్నారు. పక్కింటాయన పక్కింటాయనతో మాట్లాడ్డానికి మొహం చెల్లని రోజు అది. నేనైతే నాకంటే ముందున్నవాళ్ళకి ఇచ్చాక పెట్టెలో ఏమైనా మిగులుతుందా అని లెక్కలు వేసుకుంటూ నిలబడ్డాను.

ఆ బ్యాంకు మేనేజరు గారు చేసిన పని నేను జన్మలో మరిచిపోలేను. పది గంటలకు తెరవాల్సిన తలుపులు తొమ్మిదింటికే బార్లా తెరిపించాడు. క్యాషియరు వెనకాల గదిలో ఉండాల్సిన నోట్ల కట్టలు తెప్పించి, బయట నుంచున్న వాళ్ళకి కనపడేట్టు బల్ల మీద పేర్పించాడు. అడిగినవాడికి అడిగినంత ఇవ్వమన్నాడు. మధ్యాహ్నానికి లైను పలచబడింది. మా నాన్న వంతు వచ్చేసరికి ఆయన సగమే తీసుకుని సగం అక్కడే ఉంచేశాడు. ఇంటికొస్తూ ఎందుకుంచావని అడిగితే, ఇస్తున్నాడుగా అన్నాడు.

ఇక్కడ ఒక కిటుకు తెలుసుకోవాలి. బ్యాంకులో వేసిన డబ్బు బ్యాంకులో ఉండదురా. అప్పులకు పోతుంది. ఏ పూటకి ఎంత అవసరమో అంతే పెట్టెలో ఉంటుంది. ఇచ్చిన అప్పులన్నీ బంగారంలాంటివే అయినా సరే, అందరూ ఒకేరోజు వచ్చి నిలబడితే ఏ బ్యాంకూ నిలవదు. భయంతో లైనులో చేరినవాడే ఆ భయాన్ని నిజం చేస్తాడు. పోనీ వాడిది తప్పా అంటే, నేననను. పిల్ల పెళ్ళి సొమ్ము పోతుందని తెలిశాక ఏ తండ్రి ఇంట్లో కూర్చుంటాడు?

పాలాయి వాళ్ళ గోల పార్లమెంటు దాకా వెళ్ళింది. ఏడాదిన్నర తిరక్కుండా రెండు పనులు జరిగాయి. బ్యాంకు ఒరుగుతుంటే కొన్నాళ్ళు చెల్లింపులు ఆపి, దాన్ని ఇంకో గట్టి బ్యాంకులో కలిపెయ్యడానికి రిజర్వు బ్యాంకుకీ ప్రభుత్వానికీ చట్టం అధికారమిచ్చింది. రెండోది డిపాజిట్లకు ఇన్సూరెన్సు. 1961లో చట్టం చేశారు, 1962 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. బ్యాంకు మునిగినా ఒక్కో ఖాతాదారుకి 1,500 రూపాయల దాకా గ్యారంటీ. అమెరికా తర్వాత ఆ పని చేసిన రెండో దేశం మనదే అంటారు. 1,500 అంటే ఇప్పుడు మీకు నవ్వొస్తుందేమో, అప్పట్లో అది చిన్న సంసారానికి ఏడాది తిండి. ఎక్కడో రబ్బరు తోటల్లో పనిచేసినవాడి కష్టార్జితం చిక్కుబడితే గానీ ఇక్కడ మీ ముత్తాత సొమ్ముకి కాపలా దొరకలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

తర్వాత చిన్న బ్యాంకులన్నీ ఒక్కొక్కటే పెద్దవాటిలో కలిసిపోయాయి. మన బందరులో పట్టాభి సీతారామయ్య గారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టారని మీకు తెలుసుగా. ఆయనే భారతలక్ష్మి బ్యాంకు కూడా పెట్టారు. అది 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. నేను చేరింది అప్పుడే, ఆ కలిపిన లెక్కలు కొత్త లెడ్జర్లలోకి ఎక్కించడమే నా మొదటి పని.

ఇక 1969. దానికి ముందు 1965, 1966లో వరసగా రెండేళ్ళు కరువు. అమెరికా నుంచి గోధుమలొస్తే గానీ దేశానికి తిండి లేదు. సోమవారం ఒకపూట మానెయ్యండని శాస్త్రి గారు అడిగితే జనం మానేశారు. ఆయన ముందు తను మానేసి తర్వాత అడిగాడని నమ్మారు కాబట్టి మానేశారు. ఆయన పోయాక 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించారు. డాలరు 4.76 నుంచి 7.50కి ఎక్కింది. తర్వాత ఏడాది ఎన్నికల్లో కాంగ్రెసు సగం రాష్ట్రాల్లో దెబ్బతింది. పార్టీలో పెద్దలకీ ఇందిరమ్మకీ పడట్లేదు. అలాంటప్పుడు, జూలై 19, శనివారం రాత్రి, రేడియోలో ఆవిడ గొంతు వినిపించింది. 50 కోట్లకు పైన డిపాజిట్లున్న 14 బ్యాంకులు ఇక ప్రభుత్వానివి అని. మూడు రోజుల ముందే మొరార్జీ దేశాయి చేతిలోంచి ఆర్థికశాఖ తీసేసుకుంది. ఆర్డినెన్సు మీద సంతకం పెట్టింది వి.వి.గిరి గారు, తాత్కాలిక రాష్ట్రపతిగా. మర్నాడు ఆయన రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డాడు. ఎదుట పార్టీ అభ్యర్థి మన అనంతపురం నీలం సంజీవరెడ్డి గారు. ఇద్దరూ తెలుగువాళ్ళే. మా బ్యాంకులో కూడా మధ్యాహ్నం భోజనాల దగ్గర రెండు పార్టీలు తయారయ్యాయి. గిరి గారు గెలిచారు, కాంగ్రెసు రెండు ముక్కలైంది. సుప్రీంకోర్టు మరుసటేడు ఫిబ్రవరిలో ఆ చట్టం కొట్టేస్తే, నాలుగు రోజుల్లో కొత్త ఆర్డినెన్సు తెచ్చారు.

అది పార్టీ తగాదాలోంచి పుట్టిన పనే. అందులో నాకు అనుమానం లేదు. అయినా దానివల్ల ఊళ్ళకు జరిగిన మేలు నేను కళ్ళారా చూశాను. అప్పటికి దేశం మొత్తం మీద బ్యాంకు బ్రాంచీలు 8,262. ఇరవై ఏళ్ళలో 50,000 దాటాయి. అంతకుముందు రైతు అప్పు కావాలంటే షావుకారు అరుగెక్కాలి. నూటికి నెలకి మూడు, నాలుగు వడ్డీ. బ్యాంకు మెట్లెక్కడానికి వాడికి భయం, చెప్పులు బయట విడిచి వచ్చేవాడు. చెప్పులతో రావయ్యా అంటే వినేవాడు కాదు. మా బ్యాంకు చిన్నది గనుక ఆ 14లో పడలేదు. 1980 ఏప్రిల్‌లో రెండో విడత ఆరు బ్యాంకుల్లో మాదీ ప్రభుత్వపరమైంది.

సరే, దివిసీమ. అది చెప్పకుండా వీటన్నిటి గురించీ మాట్లాడకూడదు.

1977 నవంబరు 19, శనివారం. కార్తీకమాసం. పొద్దుట్నుంచి గాలి. సాయంత్రానికి సముద్రం లేచింది. తాటిచెట్టంత అల అని బతికిబయటపడ్డవాళ్ళు చెప్పేవాళ్ళు. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు ఊళ్ళకు ఊళ్ళు ఊడ్చుకుపోయాయి. చనిపోయినవాళ్ళు పదివేలకు పైమాటే. సముద్రం నుంచి మైళ్ళ దూరంలో, తుమ్మచెట్ల మీద చిక్కుకుని కనిపించారు మనుషులు, గొడ్లు. నేను చూసిన మిగతావి మీకు చెప్పను. రాత్రిపూట పిల్లలకి చెప్పేవి కావు.

వారం తర్వాత నన్ను దివిలో ఒక బ్రాంచికి పంపించారు. కిటికీ రెక్కలు ఊడి వాన లోపలికి కొట్టింది. లెడ్జర్లు తడిసి ఉబ్బిపోయాయి. ఒక్కొక్క కాగితం విడదీసి ఎండలో పరిచి, పైన రాళ్ళు పెట్టేవాళ్ళం. సిరా కారిపోయి కొన్ని చోట్ల అంకె మిగిలింది, పేరు పోయింది. కొన్ని చోట్ల పేరు మిగిలింది, మనిషి పోయాడు. నమూనా సంతకాల కార్డులు ఇనప బీరువాలో ఉన్నాయి గనుక బతికాయి. పాసుపుస్తకం లేకుండా వచ్చినవాళ్ళ దగ్గర వేలిముద్ర తీసుకుని కార్డు మీది ముద్రతో పోల్చేవాళ్ళం. వారసులొస్తే కరణం గారు, మునసబు గారు సంతకం పెట్టాలి. కొన్ని ఊళ్ళలో మునసబే లేడు, కొట్టుకుపోయాడు. మరి ఎవరు సాక్షి? ఒకరికొకరే సాక్షులు. ఇతను ఫలానా వాడి తమ్ముడే అని ఒకాయన చెప్తే, ఆ చెప్పినవాడు ఎవరో ఇంకొకాయన చెప్పాలి. మా మేనేజరు గారు ఆ మాటలన్నీ కాగితం మీద రాయించుకుని, రేపు ఆడిట్‌లో ఏమైనా వస్తే నా జీతంలో కోసుకోండి అని సంతకం పెట్టేవాడు. ఒక్క దొంగ క్లెయిమూ రాలేదని నేను ప్రమాణం చేసి చెప్తాను.

ఒకరోజు నలభై ఏళ్ళావిడ వచ్చింది. ఒంటి మీద ఎవరో ఇచ్చిన చీర. వర్షాకాలం పెట్టుబడికని నానుతాడు మా దగ్గర తాకట్టు పెట్టిందట. రసీదు పోయింది. విడిపించుకోవడానికి డబ్బు లేదు. ఏం కావాలమ్మా అంటే, ఉందా బాబూ, ఒక్కసారి చూపిస్తే చాలు అంది. స్ట్రాంగ్ రూముకి రెండు తాళాలుంటాయి, ఒకటి మేనేజరు దగ్గర, ఒకటి నా దగ్గర. ఇద్దరం వెళ్ళి తీశాం. చిన్న గుడ్డ సంచి, దానికి కట్టిన చీటీ మీద ఆవిడ పేరు, ఊరు, తూకం. పొట్లం విప్పి బల్ల మీద పెట్టాను. ముట్టుకోలేదు. చూసింది. నాకున్నదల్లా ఇదేనయ్యా, మీ దగ్గరే ఉండనివ్వండి అని వెళ్ళిపోయింది. మూడేళ్ళకు అసలూ వడ్డీ కట్టి తీసుకెళ్ళింది.

ఇక రాజకీయం. ఢిల్లీలో జనతా ప్రభుత్వం, ఇక్కడ జలగం వెంగళరావు గారి కాంగ్రెసు. సహాయం ఎవరు ఆలస్యం చేశారని ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు. దివిలో జనం ఆ వాదన వినలేదు. బురదలో దిగి శవాలు ఎత్తినవాళ్ళెవరో, గంజి కాచి పోసిందెవరో, అంతే చూశారు. మండలి వెంకట కృష్ణారావు గారు అక్కడే మకాం పెట్టి తిరిగారని ఈ రోజుకీ చెప్పుకుంటారు. ఎన్.టి.రామారావు గారు, అక్కినేని నాగేశ్వరరావు గారు జోలె పట్టి ఊరూరా విరాళాలు పోగుచేశారు. మూడు నెలలకే ఎన్నికలొచ్చాయి. వెంగళరావు గారి పక్షం ఓడిపోయింది, ఇందిరా కాంగ్రెసు గెలిచి చెన్నారెడ్డి గారు ముఖ్యమంత్రయ్యారు. ఉప్పెన వల్లే ఓడారని నేననను, కారణాలు చాలా ఉన్నాయి. కానీ 1982 మార్చి 29న రామారావు గారు పార్టీ పెడితే, తొమ్మిది నెలల్లో గద్దెనెక్కించారే జనం, అది ఒట్టి వెండితెర మోజని చెప్పేవాళ్ళతో మాత్రం నేను ఒప్పుకోను. జోలె పట్టిన చెయ్యి కృష్ణాజిల్లా వాళ్ళకు గుర్తుంది. గద్దెనెక్కాక రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాడు, ఆ మాట నిలబెట్టుకున్నాడు.

ఉప్పెనొచ్చిన రెండు నెలలకు, సంక్రాంతి వెళ్ళగానే, 1978 జనవరి 16న నోట్ల రద్దు. వెయ్యి, ఐదువేలు, పదివేల నోట్లు చెల్లవన్నారు. బందరులో ఒకరిద్దరు షావుకార్లు కంగారుపడ్డారు. దివిలో మా బ్రాంచికి ఒక్క నోటూ రాలేదు. వెయ్యి రూపాయల నోటు ఉంటుందని కూడా ఆ ఊళ్ళలో చాలామందికి తెలీదు.

పెద్ద నోట్ల రద్దంటే నాకు 2016 గుర్తొస్తుంది, కానీ ముందు ఇంకో రెండు ముక్కలు చెప్పాలి. ఒకటి 1990. వి.పి.సింగ్ గారి ప్రభుత్వం పదివేల దాకా రైతుల అప్పులు మాఫీ చేసింది. ఎన్నికల మాట, నిలబెట్టుకున్నారు. మునిగిపోయిన రైతుకి ఊపిరి ఆడిన మాటా నిజమే. కానీ మా బ్రాంచిలో ఒక రైతు ఉండేవాడు, ఏటా సంక్రాంతికి ముందే వచ్చి అప్పు కట్టేసేవాడు. ఆ ఏడూ కట్టేశాడు. మాఫీ వచ్చాక వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. పక్కచేను వాడు కట్టలేదు, వాడికి పోయింది. నేను కట్టాను, నాకు పోయింది. కట్టడం తప్పా అండీ, అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మరుసటేడు నుంచి వాడు కూడా గడువు దాటితే గానీ రాలేదు. ఆపదలో ఇచ్చే సాయం ఎవరికి ఇస్తున్నామో చూసుకుని ఇవ్వకపోతే, నిజాయితీగా ఉన్నవాడికే దెబ్బ తగులుతుంది. ఇది ఏ పార్టీకీ ఇప్పటికీ పట్టలేదు.

రెండోది 1991. గల్ఫ్‌లో యుద్ధం వచ్చింది, చమురు ధర పెరిగింది, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళు పంపే డబ్బు తగ్గింది. దేశం దగ్గర విదేశీ డబ్బు రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా మిగిలింది. చంద్రశేఖర్ గారి ప్రభుత్వం స్మగ్లర్ల దగ్గర పట్టుకున్న బంగారం 20 టన్నులు స్విట్జర్లాండు బ్యాంకుకి పంపి డాలర్లు తెచ్చింది. మే 21న రాజీవ్ గాంధీ హత్య. జూన్ 21న మన పి.వి. గారు ప్రధాని. రాజకీయాలు చాలించుకుని పుస్తకాలు సర్దుకుంటున్న మనిషి. జూలైలో రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం విమానాల్లో లండన్ పంపింది, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండులో తాకట్టుకి. విమానాశ్రయానికి పోతున్న వ్యాను టైరు పేలి గార్డులకు చెమటలు పట్టాయని చెప్పుకుంటారు.

ఆ సంగతి పేపర్లో వచ్చిన రోజు మా బ్యాంకులో ఒక ముసలాయన అన్నాడు, ఇల్లాలి మెడలో బంగారం తీశారంటే ఇక ఇంట్లో దాచిందేమీ లేదన్నమాట అని. నాకు తెలిసి దేశంలో చదువుకున్నవాళ్ళు రాసిన వ్యాసాలకంటే ఆ ఒక్క మాటే జనానికి ఆపద తీవ్రత చెప్పింది. ఆ అవమానమే పి.వి. గారికి దారి ఇచ్చింది. మామూలు రోజుల్లో లైసెన్సులు ఎత్తేస్తానంటే, రూపాయి విలువ తగ్గిస్తానంటే ఆయన సొంత పార్టీయే ఊరుకునేది కాదు. జూలై 1న, 3న రూపాయి విలువ తగ్గించారు, 24న మన్మోహన్ సింగ్ గారు బడ్జెట్ పెట్టారు. ఆ ఏడు నంద్యాలలో పి.వి. గారు పోటీ చేస్తే, రామారావు గారు తెలుగువాడు ప్రధాని అయ్యాడని తన పార్టీ తరఫున ఎవరినీ నిలబెట్టలేదు. రాజకీయాల్లో అంత మర్యాద నేను తర్వాత చూడలేదు. తాకట్టు బంగారాన్ని కొద్ది నెలల్లోనే విడిపించారు.

2016 మీకు గుర్తే. నవంబరు 8 రాత్రి. దేశంలో చలామణీలో ఉన్న సొమ్ములో 86 శాతం ఆ రాత్రితో చెల్లకుండా పోయింది. 1978లో షావుకారు ఇనప్పెట్టె మీద పడ్డ దెబ్బ, ఈసారి ఆడవాళ్ళ పోపుల పెట్టె మీద పడింది. నేను రిటైరై చాలా ఏళ్ళయింది, అయినా రోజూ పొద్దున్నే బ్యాంకు దగ్గరికి వెళ్ళి అరుగు మీద కూర్చుని, చదువురాని వాళ్ళకి ఫారాలు నింపేవాణ్ణి. ఒకావిడ మొగుడికి తెలియకుండా పన్నెండేళ్ళు దాచుకున్న సొమ్ము తెచ్చింది. ఫారం మీద మొత్తం ఎంతని అడిగితే పైకి చెప్పలేదు, నా చెవిలో చెప్పింది. ఆ దాచుకోవడమే ఆవిడకున్న ధైర్యం. ఆ ధైర్యం ఆ రోజు లైనులో అందరిముందూ బయటపడిపోయింది. క్యూల్లో నిలబడి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. చివరికి 99 శాతం నోట్లు తిరిగి బ్యాంకుల్లోకే వచ్చాయని రిజర్వు బ్యాంకే లెక్క చెప్పింది. నల్లడబ్బు పోలేదు. అయినా నాలుగు నెలలకు ఉత్తరప్రదేశ్ ఎన్నికల్లో ఆ నోట్లు రద్దు చేసిన పార్టీయే భారీగా గెలిచింది. ఎందుకంటావ్? లైనులో నా పక్కన నుంచున్న రిక్షా అతను చెప్పాడు, నాకు పోయింది ఐదొందలు, వాడికి పోయింది ఐదు కోట్లు, పోనివ్వండి అన్నాడు. తన కష్టం కంటే పెద్దవాడి కష్టం పెద్దదని నమ్మాడు. ఆ నమ్మకం నిజమా కాదా అని తర్వాత ఎవరూ అతనికి వెళ్ళి లెక్క చెప్పలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే. జనం నమ్మకంతో భరించిన కష్టానికి లెక్క అప్పజెప్పాలి. అప్పజెప్పకపోవడం ద్రోహం.

ఇక మొదట చెప్పిన పాలాయి సంగతి. మా తోడల్లుడు, మీ నాయనమ్మ చెల్లెలి భర్త, టీచరుగా రిటైరయ్యాడు. 2000 దాటాక హైదరాబాదులో సహకార బ్యాంకులు వరసగా మూతపడ్డాయి, తెలుసా? పెద్ద బ్యాంకులకంటే రెండు మూడు శాతం ఎక్కువ వడ్డీ ఇచ్చేవి. అలాంటి ఒక బ్యాంకులో ఆయన రిటైర్మెంటు సొమ్మంతా వేశాడు. నేను వద్దనే చెప్పాను. ఒకరోజు షట్టరు దింపేశారు. డిపాజిటర్లంతా అరవై దాటినవాళ్ళే, ఆ షట్టరు ముందు ఎండలో కూర్చుని ధర్నా. డైరెక్టర్లు తమవాళ్ళకే అప్పులిచ్చుకున్నారని తేలింది. లైసెన్సిచ్చింది ఒకరు, పర్యవేక్షణ ఇంకొకరిది, సహకార శాఖ రాష్ట్రానిది, అడిగితే ఒకరు ఇంకొకరి వైపు చూపించారు. చివరికి ఆయన చేతికి వచ్చింది లక్ష రూపాయలు. ఆ లక్ష ఎక్కడిదనుకున్నావ్? పాలాయి తర్వాత చేసిన ఇన్సూరెన్సు చట్టానిది. 1,500 మొదలై పెరుగుతూ వచ్చి 1993లో లక్ష అయింది. మిగతా సొమ్ము కోసం ఆయన తిరుగుతూనే ఉన్నాడు. తిరుగుతూనే పోయాడు.

లక్ష దగ్గర ఆ అంకె ఇరవై ఏడేళ్ళు అలాగే ఉండిపోయింది. మావాడిలాంటి వాళ్ళు ఎంతమంది మొత్తుకున్నా కదల్లేదు. 2019లో ముంబైలో పి.ఎం.సి. బ్యాంకు ఆగిపోయి, డిపాజిటర్లు టీవీల ముందు ఏడిస్తే, 2020 ఫిబ్రవరిలో ఐదు లక్షలైంది. మరుసటేడు చట్టం సవరించి, బ్యాంకు మీద ఆంక్షలు పెడితే 90 రోజుల్లో ఆ ఐదు లక్షలూ ఇవ్వాలన్నారు. మంచి చట్టం. ఎవరో పోగొట్టుకున్నాక వచ్చింది, అన్నీ అలాగే వచ్చాయి.

అందుకే అడుగుతున్నానురా అబ్బాయ్. మొన్న భోజనాల దగ్గర మీ అమ్మతో అన్నావే, నీ స్నేహితుడెవరో చెప్పాడని, ఏదో సొసైటీలో పన్నెండు శాతం ఇస్తున్నారని, బోనసు అందులో వేశానని. పేరులో కోఆపరేటివ్ అని ఉన్నంత మాత్రాన అది బ్యాంకు కాదు. రిజర్వు బ్యాంకు లైసెన్సు లేని సొసైటీకి ఆ ఐదు లక్షల ఇన్సూరెన్సు వర్తించదు. చిట్టీ కంపెనీకీ వర్తించదు. ఫోన్లో యాప్‌లు చూపించే ప్రతిదానికీ వర్తించదు. వాళ్ళు మంచివాళ్ళే అయ్యుండొచ్చు, నేను కాదనను. రసీదు ఇచ్చారా? ఇచ్చారుగా. లోపలికెళ్ళి పట్టుకురా. నా కళ్ళజోడు కూడా తీసుకురా, కిటికీ పక్కన గూట్లో ఉంది. లైసెన్సు నంబరు ఉందో లేదో చూద్దాం. లేకపోతే పొద్దున్నే బస్సెక్కి ఇద్దరం వెళ్దాం.